కాటా కాడ

రాత్రి వాన దామలచెరువు మీద కురిసి
పాకాల వైపు వెళ్ళిపోయింది.
తెల్లారేసరికి కాటా కాడ
పదకొండు ట్రాక్టర్లు, తొమ్మిది మినీ లారీలు,
బటన్ నొక్కితే పలకని ఒక కంప్యూటరు.

"రేత్రి బాగానే ఉన్నిందినా" అంది హేమావతి.
ఎవరైనా మొదట చెప్పే మాట అదే,
ఆసుపత్రి గుమ్మంలోనైనా.

ముందు ప్లగ్గు పీకేసినా.
పీకినాక కూడా బటన్‌ని పది లెక్కబెట్టేదాకా నొక్కి పట్టుకున్నా,
లోపల దాక్కున్న కరెంటు దిగిపోవాలని.
వెనకాల ఎవరో అన్నారు:
"చచ్చినోడి ముక్కు పిసికి చూస్తా ఉండాడబ్బా."

పక్క రేకు తీస్తే
తడిసిన సున్నం గోడ వాసన.
రెండు బల్లి గుడ్లు.
ఫ్యాను రెక్కకు చుట్టుకున్న వరిగడ్డి పోచ,
కాయల గంపలోంచి ఎప్పుడు ఎగిరొచ్చిందో.
ర్యామ్ అంచున బంగారు పూత మీద
తోమని రాగిచెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము.

కప్పు కారిందేమోనని పైకి చూసినా. కారలేదు.
కిటికీ జల్లు ఇంత దూరం రాదు.
అప్పుడు కనిపించింది, మూలన మడిచిన ప్లాస్టిక్ కవరు.
వాన భయానికి పదిరోజులుగా ప్రతి రాత్రీ,
ఆపీ ఆపగానే, ఇంకా వేడిగా ఉన్నదాన్ని
మెడదాకా కప్పి తాడు కడతా ఉందంట.
కవరు లోపలి వైపు చుక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

తడిపింది వాన కాదు.
ఆ మాట అప్పుడు చెప్పలేదు.
ఇరవై బండ్లోళ్ళు ఆమెనే చూస్తా ఉన్నారు.

స్పిరిట్టు, పాత పళ్ళ బ్రష్షు,
ఆమె తమ్ముడి పెన్సిలు డబ్బాలోని రబ్బరు.
చిలుము రుద్దుతా ఉంటే సలహాలు మొదలైనాయి.
"బియ్యంలో పూడ్చిపెట్టు."
"ఎండలో పెట్టు."
జుట్టు ఆరబెట్టుకునే మిషను తెస్తానని
ఒకడు ఇంటికి బండి తీసినాడు కూడా.
టేబుల్ ఫ్యాను చాలన్నా. ఇంకో ఆరు గంటలు.

ఆరు గంటలా!

మామిడికాయకు ఆగే ఓపిక లేదు.
మదర్‌బోర్డుకు తొందర పనికిరాదు.
ఈ రెండిటి నడుమ స్టూలు వేసుకుని నేను.
పదకొండుకు ట్రాక్టర్ల మీంచి తీపి వాసన లేచింది.
ఒంటిగంటకు అది కొంచెం పులిసింది.
ఈగలు తోతాపురిని వదిలి నా టీ గ్లాసుకొచ్చినాయి.
చెంగల్రాయుడని ఒక రైతు
ట్రాలీ కింద నీడలో పడుకుని,
గంటకోసారి లేచొచ్చి, ఏమీ అడక్కుండా,
ఫ్యాను గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి చూసి పోతా ఉన్నాడు.

మూడున్నరకు ఒక్క ర్యామ్‌తో మొదలుపెట్టినా.
మూడు కూతలు. చీకటి తెర.
తీసి, పక్క గాడిలో, టక్కుమనేదాకా నొక్కినా.
ఒక్క కూత.
తెర వెలిగింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఇరవై ఇంజన్లు ఒక్కసారి దగ్గినాయి, అంతే.

మొదటి చీటీ చెంగల్రాయుడిది.
బరువు సరిగ్గానే పడింది. తేదీ మాత్రం
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.
లోపల నాణెమంత బ్యాటరీ చచ్చిపోతే గడియారం
తన పుట్టినరోజుకు పోయి కూర్చుంటుంది.

"ఇచ్చెయ్‌నా, మారుస్తా."
ఆయన చీటీని దూరం పెట్టి చదివినాడు,
దగ్గర పెట్టి చదివినాడు.
"ఉండనీ సామీ.
ఆ ఏటి రేటే కట్టమని అడగతా.
ఇప్పటికంటే అదే మేలు."

నవ్వినోళ్ళు నవ్వినారు.
ఆయన మాత్రం దాన్ని నాలుగు మడతలు పెట్టి
జేబులో దోపుకుని
ఇంకో చీటీకి చెయ్యి చాపినాడు.

కొత్త బ్యాటరీ వేసి, ఈరోజు తేదీ కొట్టి,
బండ్లన్నీ పోయినాక హేమావతితో అన్నా:
"ఆపినాక ఒక గంట ఊపిరాడనీమ్మా. చల్లారినాకే కవరు."

ఆమె మూల వైపు చూసింది.
మాట్లాడలేదు.
కవరు తెచ్చి, లోపలిది బయటికి తిప్పి,
కాటా కమ్మీ మీద ఆరేసింది.